మావారి ప్యాచ్, మా అబ్బాయి పెళ్ళిచూపులు

మూడు వారాలకోసారి ఆదివారం పొద్దున మా ఇంట్లో ఒక పని ఉంటుంది. టిఫిను అయ్యాక వీధి తలుపు గడియ పెట్టి, మావారు వెనక వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటారు. భుజాల మీద పాత తువ్వాలు కప్పుతాను. నా చేతిలో స్పిరిట్టు సీసా, దూది, వెడల్పు పళ్ళ దువ్వెన. నుదుటి దగ్గర అంచు వెంబడి స్పిరిట్టు చుక్క చుక్కగా తడిపి, రెండు నిమిషాలు ఆగి, గోరు తగలకుండా వేలికొనతో మెల్లగా ఎత్తుకుంటూ పోతే మావారి జుట్టు మొత్తం నా చేతిలోకి వచ్చేస్తుంది. మొదటిసారి అలా వచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇప్పుడు ఏదీ రాదు. దోసెపిండి గిన్నె కడిగినట్టు కడిగేస్తాను.

ఇన్నాళ్ళూ దీని గురించి రాయలేదు. మావారు ఒప్పుకుంటేగా! ఈమధ్య మా ఇంట్లో జరిగిన రభస తరవాత, "రాసుకో పో, నా పేరూ కాలేజీ పేరూ మాత్రం రాకూడదు" అన్నారు. అది చాలు నాకు.

ముందు ఒక మాట. మా ఇంట్లో దాన్ని విగ్గు అనకూడదు, ప్యాచ్ అనాలి. తేడా లేకపోలేదు లెండి. విగ్గు టోపీలా తలంతా కప్పేది, పొద్దున పెట్టుకుని రాత్రి తీసేసేది. ప్యాచ్ జుట్టు పోయినంత మేరకే ఉంటుంది. చుట్టూ మిగిలిన సొంత జుట్టుని దాంట్లో కలిపి దువ్వుకోవాలి. టేపుతోనో గమ్ముతోనో మాడుకి అతికిస్తారు. స్నానం, నిద్ర, బస్సు ప్రయాణం అన్నీ దాంతోనే. రామానాయుడుగారు పుట్టిన ఊరు మాది. సినిమావాళ్ళ విగ్గుల గురించి కారంచేడు అరుగుల మీద తెలియని విషయం లేదు. పక్కింటాయన నెత్తిమీద ఏముందో మాత్రం ఎవరికీ తెలియకూడదు!

మావారు చీరాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరరు. ముప్పై ఐదు దాటేసరికి నుదురు పెద్దదయింది, నలభైకి నెత్తి మొత్తం తేలిపోయింది. పిల్లలు పేరు పెట్టారు, "పున్నమి సార్" అని. బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు "వెన్నెల వచ్చిందిరా" అనేవాడట. నాకీ సంగతి పదేళ్ళు చెప్పలేదు. బట్టతలవాడికి డబ్బుంటుందని మనవాళ్ళు ఓదారుస్తారు, అదీ ఉంటే కదా. బి.ఏ.లో మాకు భర్తృహరి నీతిశతకం ఉండేది. ఎండకు మాడు మాడిపోయి తాటిచెట్టు నీడకు పరిగెత్తిన బట్టతలవాడి నెత్తిన తాటికాయ పడే కథ గుర్తుందా? అప్పుడు క్లాసులో అందరం పకపకా నవ్వాం. దురదృష్టం ఎక్కడికి పోయినా వెంటే వస్తుందని చెప్పడానికి ఆ కవికి బట్టతలవాడే దొరికాడేమిటని ఒక్కరం కూడా అడగలేదు.

మందులు వాడారు. మినాక్సిడిల్ రెండేళ్ళు రాశారు, ఆపేయగానే వచ్చిన నాలుగు వెంట్రుకలూ పోయాయి. నాటించుకుందామంటే, వెనక జుట్టు తీసి ముందు నాటాలి, వెనక ఉన్నది ముందంతా నిండడానికి చాలదన్నారు. అప్పుడు గుంటూరులో ఒక సెంటరుకి వెళ్ళి ప్యాచ్ పెట్టించుకొచ్చారు. 18,000 రూపాయలు. నెత్తిమీద మిగిలిన పలచటి జుట్టు గొరిగేసి అతికించారు. "ఈత కూడా కొట్టచ్చు సార్, రెండేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నారట ఆ సెంటరువాళ్ళు. అది శీతాకాలం. రోహిణీ కార్తె వచ్చేసరికి తెలిసింది.

మా వైపు ఎండ ఒక ఎత్తు, సముద్రం మీంచి వచ్చే ఆ జిడ్డు ఉక్క ఒక ఎత్తు. చెమటకి టేపు వదులైపోతుంది. ముందు అంచు లేచి, కాయితం మూల మడిచినట్టు పైకొస్తుంది. క్లాసులో పాఠం చెబుతూ నుదుటి మీద వేలు పెట్టి నొక్కుకుంటూ ఉండేవారట. సెంటరుకి పోతే ప్రతిసారీ 1,200, పైగా రానూ పోనూ ఒక పూట. నాలుగు నెలలయ్యాక "నువ్వు నేర్చుకోకూడదూ?" అన్నారు. అలా నా చేతికొచ్చింది.

ఈ పని చేసేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తాను. ప్యాచ్ అడుగు మూడు రకాలు. లేసుది దోమతెర గుడ్డలా ఉంటుంది. గాలాడుతుంది, పాపిడి తీస్తే నిజం తలలాగే కనిపిస్తుంది, కానీ త్వరగా చిరుగుతుంది. పాలీ అంటే పలచటి ప్లాస్టిక్ పొర. అతకడం తేలిక, శుభ్రం చెయ్యడం తేలిక, కానీ లోపల చెమట నిలిచిపోతుంది. మోనో అంటే నైలాను వల, కాస్త గట్టిది, అంచుల్లో పాలీ పట్టీ ఉంటుంది. మిగతా రెండు కొన్ని నెలల్లో పోతే ఇది ఏడాది దాకా వస్తుంది. మగ్గాల చీరాల పక్కన పుట్టి పెరిగిన దాన్ని కదా, మొదటిసారి దాన్ని తిరగేసి వెలుతురులో చూసినప్పుడు నోరు తెరిచాను. ఒక్కొక్క కన్నంలోంచి ఒకటో రెండో వెంట్రుకలు, ప్రతిదానికీ విడిగా ముడి. సన్నటి కొక్కెం సూదితో మనిషి కూర్చుని వేసిన ముడులు అవన్నీ. పడుగూ పేకా నేసేవాళ్ళకే ఇంత ఓపిక ఉంటుందనుకునేదాన్ని.

తీశాక పాత జిగురు పోయేదాకా తుడవాలి. ఇదే అసలు చాకిరీ. గోకితే వల చిరుగుతుంది, వదిలేస్తే కొత్త టేపు అతకదు. ఘాటు తక్కువ షాంపూ నీళ్ళలో కలిపి అందులో నానబెట్టాలి, బట్ట పిండినట్టు పిండకూడదు. ఇది మాడు మీద మొలిచిన జుట్టు కాదు, నూనె దానంతట అది ఊరదు. అందుకని కండిషనరు పట్టించకపోతే పీచయిపోతుంది. మా బోరు నీళ్ళు ఉప్పన, వాటితో కడిగితే ఇంకా బిరుసెక్కుతుంది. దీనికోసం ప్లాంటు నీళ్ళ టిన్ను వాడతానని మా అత్తయ్యకి తెలిస్తే ఏమంటారో! దువ్వేటప్పుడు కొసల నుంచి మొదలుకి రావాలి. నీడలో ఆరాలి. ఈలోపు మావారి తల సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక టేపులు కోసి అతికించాలి. తడి మీద అతికిస్తే సాయంత్రానికి ఊడుతుంది. కొత్త గమ్ము కొంటే ముందు మోచేతి మడత దగ్గర ఒక చుక్క రాసి ఒక రోజు చూడాలి. మేం చూడకుండా ఒకసారి వాడితే నుదుటి మీద ఎర్రగా వాతలు తేలాయి. పది రోజులు ఎండదెబ్బ అని చెప్పుకు తిరిగారు. ఇంకోటి, ఆ స్పిరిట్టు భగ్గుమని అంటుకుంటుంది. పొయ్యి వెలుగుతుండగా నేను సీసా మూత తియ్యనివ్వను.

రంగు సంగతి వేరే కథ. ఎండకి ప్యాచ్ జుట్టు రంగు దిగిపోయి మొక్కజొన్న పీచులా అవుతుంది. అదే సమయంలో మావారి సొంత జుట్టు తెల్లబడుతోంది. ఒక దశలో చెవుల పక్కన యాభై ఏళ్ళు, నెత్తిన పాతికేళ్ళు కనిపించేవి. ఇప్పుడు కొనేటప్పుడే పదింట ఒక పాలు తెల్ల వెంట్రుకలు కలిపినది తెప్పిస్తున్నాం. డబ్బిచ్చి నెరిసిన జుట్టు కొనుక్కోవడం మా ఇంట్లోనే చూశాను.

ఇదంతా నాకు బరువు కాదు. నేను విసిగిపోయింది దాచడంతో.

గుళ్ళో పూజారిగారు శఠగోపం పెట్టబోతే ఈయన మెడ వెనక్కి తీసేవారు. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళ కాళ్ళకి దండం పెట్టి, వాళ్ళు నెత్తిన చెయ్యి వేసేలోపే లేచి నిలబడేవారు. మా చిన్నది నాన్న వీపెక్కి జుట్టు పట్టుకోబోతే చెయ్యి విదిలించారు ఒకసారి. అది ఏడ్చింది, మళ్ళీ వీపెక్కలేదు. వాడరేవు వెళితే అందరూ నీళ్ళలో, ఈయన చెప్పుల కాపలా. అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది ఒక ఉగాది. తెల్లవారి మా అత్తయ్య నువ్వులనూనె గిన్నె పట్టుకొచ్చి, కొడుకు మాడున మూడు చుక్కలు పెట్టబోయారు. నూనె తగిలితే టేపు జారిపోతుంది. "వద్దమ్మా, జలుబు చేసింది" అన్నారు ఈయన. ఆవిడ గిన్నె అలాగే పట్టుకుని కాసేపు నిలబడి లోపలికి పోయారు. ఆ రోజంతా నాతో కూడా సరిగా మాట్లాడలేదు. నేనేదో కొడుకుని దూరం చేస్తున్నాననుకున్నారో ఏమో. నిజం చెబుదామంటే నోరు నాది కాదు.

ఇంతకీ ఈ జుట్టు ఎవరిదో? తిరుమలలో నేను మూడు కత్తెరలు ఇచ్చినప్పుడల్లా అదే ఆలోచన. కల్యాణకట్టలో పోగైన తలనీలాలని పొడవుని బట్టి రకాలుగా విడదీసి దేవస్థానం ఈ-వేలంలో అమ్ముతుంది. ఏటా వందకోట్ల రూపాయల పైమాట. ఆడవాళ్ళ పొడుగు జుట్టుకే గిరాకీ. మగవాళ్ళ పొట్టి జుట్టు చాలావరకు అమినో ఆమ్లాలు తీసే ఫ్యాక్టరీలకి పోతుంది. మన జుట్టు విదేశాలకి వెళ్ళి, చైనాలో చింగ్‌దావ్ లాంటి చోట్ల ముడులు వేయించుకుని, ప్యాచ్‌గా మళ్ళీ మన ఊళ్ళకే వస్తుంది. వీధుల్లో "వెంట్రుకలకు స్టీలు సామాన్లు" అని అరుచుకుంటూ వచ్చే మనిషికి మనం ఇచ్చే రాలిన జుట్టు కూడా ఈ వ్యాపారంలోదే. 2004లో యూదు మతపెద్దలు గుళ్ళో మొక్కుకిచ్చిన జుట్టుతో చేసిన విగ్గులు తమ ఆడవాళ్ళు పెట్టుకోకూడదన్నారట. న్యూయార్కులోనూ జెరూసలేములోనూ వేల రూపాయల విగ్గులు వీధిలో కుప్పపోసి తగలబెట్టారు. మన తిరుమల మొక్కు ఎంతదూరం పోయిందో చూడండి. తలనీలాలకి ఆ పేరెలా వచ్చిందో తెలుసుగా. స్వామి తలకి దెబ్బ తగిలి కాస్త మేర జుట్టు పోతే, గంధర్వ కన్య నీలాదేవి తన జుట్టు కోసి అక్కడ అతికించిందని కథ. ఆ లెక్కన సాక్షాత్తూ దేవుడికే తప్పలేదు, పైగా ఎవరికీ దాచుకోలేదు, ఊరూవాడా కథగా చెప్పుకుంటున్నారు. ఈ మాట మావారితో అంటే "నోర్ముయ్, కళ్ళు పోతాయి" అన్నారు. నవ్వుతూనే అన్నారు లెండి.

రెండేళ్ళ కిందట మా మావయ్య పోయారు. పెద్దకొడుకు ఈయనే. కర్మ రోజు గుండు చేయించుకోవాలి. ముందురోజు రాత్రి నిద్రపోలేదు. తెల్లవారుజామున వసారాలో నేనే స్పిరిట్టు రాసి తీశాను. తండ్రి పోయిన దుఃఖం ఒకటి, ఇదొకటి. ఈ రెండోదానికి బాధపడుతున్నందుకు సిగ్గు ఇంకొకటి. నెత్తికి తువ్వాలు చుట్టుకుని కాలువ గట్టుకి వెళ్ళారు. మా మంగలి ఎప్పటినుంచో చుట్టూ జుట్టు కత్తిరించేవాడే, అన్నీ తెలిసినవాడే. తువ్వాలు తీసి, నీళ్ళు చల్లి, ముందు నెత్తి మీద కత్తి ఆడించినట్టు ఆడించి తరవాత చుట్టూ గొరిగాడు. ఎవరికోసం అలా చేశాడో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చెయ్యికి నేను ఈ జన్మంతా దణ్ణం పెట్టుకుంటాను.

కానీ చుట్టూ గుండయ్యాక ప్యాచ్ పెట్టడం కుదరదు. కలిపి దువ్వడానికి పక్కన జుట్టు ఉండాలి కదా. రెండు నెలలు పట్టింది. పక్కన నల్లగా మొలకలొచ్చాయి, నెత్తిన ఒక్కటీ రాలేదు. ఊరంతా చూసింది, కాలేజీ చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. వెనక అనుకున్నారేమో, నాకు తెలియదు. మా అత్తయ్య మాత్రం ఒకరోజు ఆ గుండు మీద అరచేయి వేసి, "ఇందుకా నాయనా నూనె వద్దన్నావు" అన్నారు. రెండు నెలలయ్యాక మళ్ళీ ప్యాచ్ పెట్టుకున్నారు. నేనే పెట్టాను. పెట్టుకోవద్దని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. అద్దంలో చూసుకుని భుజాలు నిటారుగా చేసుకుని కాలేజీకి వెళ్ళే మనిషిని వద్దనడానికి నేనెవర్ని? ఇప్పుడు శఠగోపానికి మాత్రం తల వంచుతున్నారు. అదే తేడా.

ఇక రభస సంగతి. మా అబ్బాయికి 26. బెంగళూరులో ఉద్యోగం. తండ్రి పోలికే, ఇరవై మూడుకే మొదలైంది. ఆరు నెలల కిందట వాడూ ప్యాచ్ పెట్టించుకున్నాడు. రేపల్లె వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల బి.ఫార్మసీ, హైదరాబాదులో ఉద్యోగం. ఫోటోలు ఇచ్చిపుచ్చుకున్నాం. వాడి ఫోటో ప్యాచ్‌తో తీసిందే. వాళ్ళకి నచ్చింది, పెళ్ళిచూపులకి రమ్మన్నారు. నేనన్నాను, "ముందు పిల్లకి చెప్పాలి" అని.

ఇల్లు ఇల్లంతా నామీద లేచింది. సంబంధం తెచ్చిన పిన్ని, "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారే" అంది. ఆ సామెత చెప్పినవాళ్ళు పెళ్ళి దాకానే చెప్పారు పిన్నీ, కాపురం సంగతి చెప్పలేదన్నాను. మావారి వాదన గట్టిదే, కాదనను. "ఆడపిల్ల సవరం పెట్టుకుని జడ వేసుకొస్తే ముందే చెబుతోందా? మొహానికి రాసుకున్నది చెబుతోందా? మగవాడు మాత్రం నెత్తి చూపించి నిలబడాలా? నన్ను పున్నమి సార్ అన్నవాళ్ళు ఒక్క ఆడమనిషిని అలా అన్నారా?" అన్నారు. అందులో నిజముంది. సవరం మనకి అలంకారం, విగ్గు మనకి నవ్వులాట. ఇది అన్యాయమే. పేనుకొరుకుడు వచ్చి, క్యాన్సరు మందులకి జుట్టు పోయి, విగ్గు పెట్టుకునే ఆడపిల్లలకి సంబంధాలు తప్పిపోవడమూ నేను చూశాను. ఆ అన్యాయం ఇంకొంచెం పెద్దది.

అయినా సవరం రాత్రికి తీసి మేకుకి తగిలిస్తాం. మొగుడు మొదటి రోజే చూస్తాడు. ప్యాచ్ అలా కాదు, దిండు మీద ఉంటుంది, స్నానాల గదిలో ఉంటుంది, నెలవారీ ఖర్చుల చిట్టాలో ఉంటుంది. ఆ పిల్ల వేళ్ళు వాడి జుట్టులోకి పోయిన మొదటిసారి వాడు తల వెనక్కి లాక్కుంటే ఆ పిల్ల ఏమనుకోవాలి? మా చిన్నది ఏమనుకుందో, మా అత్తయ్య ఏమనుకున్నారో నేను చూశాను. నాకు పెళ్ళయ్యేనాటికి ఈయనకి ఒత్తుగా జుట్టుంది. పోవడం నేను పక్కనుండి చూశాను, అందుకే స్పిరిట్టు సీసా పట్టుకున్నప్పుడు నాకు మోసపోయినట్టు అనిపించలేదు. ఆ పిల్లకి అలా అనిపిస్తుంది. ఊరందరికీ చెప్పమని నేననలేదు, అది వాడి ఇష్టం. రేపు ఆ సీసా ఎవరి చేతికి రాబోతోందో ఆ ఒక్క మనిషికి చెప్పమన్నాను.

నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి మా అబ్బాయే ఆ పిల్లకి ఫోను చేసి చెప్పాడు. నాకు తరవాత చెప్పాడు, చేతులు వణికాయట. ఆ అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదట. తరవాత, "రాత్రిళ్ళు కూడా ఉంటుందా? దురద పెట్టదా?" అని అడిగిందట. ఫార్మసీ చదివింది కదా, గమ్ములో ఏముంటుందని కూడా అడిగిందట. మావాడికి తెలియదు. చివర్లో, "మా నాన్నకి నేను చెప్పను, మీరే చెప్పండి" అందట. మావారు తప్పక వాళ్ళ నాన్నకి ఫోను చేశారు. ఆయన "ఆలోచించుకుని చెబుతాం అన్నయ్యగారూ" అన్నారు. ఇవాళ్టికి పదకొండు రోజులు. ఫోను రాలేదు. మావారు భోజనం దగ్గర నా మొహంలోకి చూస్తారు, "చూశావా" అని పైకి అనరు. నేను పప్పు వడ్డిస్తాను. సంబంధం పోతే నావల్లే పోయిందంటారు, పడతాను. రేపు రెండో సంబంధం వచ్చినా నేను ఇదే అంటాను, అది కూడా ఆయనకి తెలుసు.

నిన్న అబ్బాయి ఊరొచ్చాడు. ఇవాళ ఆదివారం, పైగా మావారి మూడో వారం. వసారాలో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. "అమ్మా, నాన్నది అయ్యాక నాది కూడా చెయ్యవా, బెంగళూరులో పదిహేను వందలు తీసుకుంటున్నారు" అన్నాడు. చెయ్యను పొమ్మన్నాను. పక్కన నిలబెట్టి తండ్రిది ఎలా తీస్తున్నానో చూపించాను. వెనక అద్దం, ముందు అద్దం పెట్టి, వాడిది వాడి చేతే తీయించాను. గంటన్నర పట్టింది. ఒకచోట లేసు కొంచెం చిరిగింది. స్పిరిట్టు సీసా సగానికి పైగా ఒంపేశాడు. సాయంత్రం చీరాల వెళ్ళి ఇంకో సీసా తెచ్చుకోవాలి.